నడుము కాదు, మోకాళ్లు

ఎమ్మిగనూరులో మా అక్క మనవరాలి పెళ్లి. పెళ్లికొడుకు పెద్దల కాళ్లకు మొక్కబోతుంటే, నాతో వచ్చిన దేవేంద్రప్ప అతని చొక్కా పట్టుకుని ఆపాడు. "నడుమొంచొద్దు నాయనా. మోకాళ్లు మడుసు" అన్నాడు. పెళ్లికూతురి తాత మండిపడ్డాడు. మా ఇంట్లో ఎట్లా మొక్కాలో ఆదోని హమాలీ నేర్పాలా అని అరిచాడు. మాటా మాటా పెరిగి పప్పు చల్లారింది. చివరికి తాత, వంగడమంటే ఇదిగో అని తానే వంగి చూపించాడు. ఇక లేవలేకపోయాడు. నలుగురు పట్టుకుని ఆయన్ను వంగినవాణ్ణి వంగినట్టే కుర్చీలో పెట్టారు. ఆ తర్వాత మొక్కినవాళ్లంతా మోకాళ్లే మడిచారు. ఆ పెళ్లి ఫొటోల్లో ఈనాటికీ అందరూ గుంజీలు తీస్తున్నట్టే ఉంటారు.

దేవేంద్రప్పకు ఉన్న పిచ్చి అదొక్కటే. ఎవరైనా నడుము వంచితే చూడలేడు. అతను ఆదోని పత్తి మార్కెట్‌లో హమాలీల జట్టుకు మేస్త్రీ. ఆ గేటు బయట బొరుగుల ఉగ్గాణి, టీ అమ్ముకునే నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. నేను చదివింది రెండో తరగతే అయినా మనిషిని చూస్తే తూకం చెప్పగలను. ఇతనొక్కడే నా తూకానికి దొరకలేదు.

ఒకరోజు వచ్చేసరికి నా పొయ్యి కింద నాలుగు వరసల ఇటుకలున్నాయి. ఎవడి పని ఇది అన్నాను. "నువ్వు వంగుతాంటే నాకు టీ గొంతు దిగదు భీమక్కా" అన్నాడు. ఇంకోసారి పోలీసాయన లాఠీ జారి కిందపడితే ఆయనకూ పాఠం చెప్పాడు. పాపం, ఆయన మోకాళ్లు మడిచే తీసుకున్నాడు.

కిందటేడు ఎండాకాలంలో ఆ జట్టులోని ఈరన్న, లారీకి వేసిన పలక మీద జారి పత్తిమూటతో సహా పడ్డాడు. ఎముక విరగలేదు, కండరాలు దెబ్బతిన్నాయి, నాలుగు రోజులాగి మెల్లగా నడవాలి అన్నాడు డాక్టరు. ఇంట్లోవాళ్లు ఆగమన్న మాట విన్నారు, నడవమన్న మాట వినలేదు. నాలుగు నెలలు మంచం దిగనివ్వలేదు. చివరికి చెంబు ఎత్తాలన్నా అతనికి చెమటలు పట్టేవి.

ఆ జట్టుకు ఒక కట్టుబాటు ఉంది. దసరా రోజు ప్రతివాడూ ఒక మూట ఎత్తి చూపి, మూటలు లాగే తన ఇనుప కొక్కేన్ని ఆయుధపూజలో పెట్టాలి. పెట్టలేనివాడి చోటు ఇంకొకడిది. పండగ రెండు నెలల్లో ఉంది. ఈరన్నకు వేరే పని రాదు. అతని చోటు కోసం నాగేంద్ర అనే కుర్రాడు అప్పటికే కొత్త కొక్కెం కొనుక్కుని తిరుగుతున్నాడు.

ఆ రోజుల్లోనే దేవేంద్రప్ప వచ్చి, గట్టు మీదున్న నా సామానంతా నేలమీదికి దించాడు. మతి పోయిందనుకున్నాను. మరునాడు ఈరన్న వచ్చి గ్లాసులు ఎత్తిపెట్టడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి బొరుగుల సంచి ఎత్తాడు. చూడడానికి పత్తిమూటంత, బరువు లేదు. తర్వాత సగం బిందె నీళ్లు, ఆ తర్వాత నిండు బిందె. నేను ముందుకు వస్తే అడ్డం పడేవాడు.

"నువ్వు వంగొద్దు పెద్దమ్మా. నీ నడుము పోయిందని మేస్త్రీ సెప్పినాడు."

కాన్పులకు తప్ప మంచమెక్కని నడుము నాది. నేరుగా పోయి మేస్త్రీని నిలదీశాను. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఊరికే మూటలెత్తి సాధన సెయ్యమంటే వానికి సిగ్గక్కా, జట్టంతా నవ్వుతారని. ముసిలామెకు సాయమంటే వొస్తాడు. నువ్వు పండగ దాకా రోంత నడుము పట్టుకో."

డెబ్బై ఏళ్లు నిలబెట్టుకున్న పరువును పక్కన పెట్టి రెండు నెలలు నడుము పట్టుకుని నడిచాను. మార్కెట్టంతా జాలిపడింది. మిర్చి అమ్మే లింగమ్మ తైలం తెచ్చి, బలవంతంగా రాసి మరీ పోయింది.

దసరా రోజు ఈరన్న మోకాళ్లు మడిచి మూటెత్తాడు. కొక్కెం పూజలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే, పాదాలు ఇంకొంచెం ఎడంగా ఉండాల్సింది అని మేస్త్రీ సణిగాడు. ముఖం మాత్రం అటు తిప్పుకున్నాడు. నేను నిటారుగా నిలబడి గేటు దగ్గర నుంచి తూకాల షెడ్డు దాకా, అందరూ చూసేటట్టు, రెండుసార్లు నడిచొచ్చాను.

మూడో రోజు పొద్దున దేవేంద్రప్ప వచ్చాడు. టీ చేతిలో పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. ఏమప్పా అన్నాను.

"మా జట్టులో మద్దయ్యకు నడుము పట్టేసిందక్కా. వాడు ఈరన్న కన్నా మొండోడు. రేపట్నుంచి మళ్లా నడుము పట్టుకో. ఈసారి రోంత మూలుగు కూడా."