లో-కట్ వేయని టేపు

ఎనభయ్యవ దశకం మొదట్లో, ఒక జూలై నెలలో, జగదల్‌పూర్‌లో కొత్తగా తెరిచిన విశ్వవిద్యాలయ సంగీత విభాగంలో లెక్చరరుగా చేరాను. బస్తర్ అప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉండేది. అంతకుముందు చాలా ఏళ్లు రేడియోలో రికార్డిస్టుగా పనిచేశాను. విభాగంలో మేం ముగ్గురం: గాత్రానికి ఒక రీడరు, తబలాకు ఒక అధ్యాపకుడు, శబ్దగ్రహణానికి నేను. హోదాలో నాది ఆఖరి కుర్చీ. రీడరు గారు నన్ను పిల్లల ముందే "మిస్త్రీ సాబ్" అని పిలిచేవారు. తీగలూ టంకం సామానూ నా బల్ల మీదే ఉండేవి కాబట్టి ఆ పిలుపులో పెద్ద అబద్ధం లేదు.

మొదటి సంవత్సరం విద్యార్థులకు మూడు పేపర్లు. స్వరశాస్త్రంలో సప్తకం, శ్రుతులు, ఏ స్వరానికి ఏ స్వరం ఎంత దూరం అన్న లెక్క నేర్పేవారు. శ్రవణాభ్యాసం అంటే చెవికి సాధన. వెనక తంబూరా మోగుతుండగా ఒక స్వరం వాయిస్తే అది శుద్ధమో కోమలమో చెప్పాలి. అది వచ్చాక, ఒక పాటలోంచి కింది నాదాన్నో పై నాదాన్నో తీసేసి వినిపించి, ఏది తగ్గిందో అడిగేవాణ్ణి. మూడవ పేపరు శబ్దగ్రహణం, అంటే మైకు ఎక్కడ పెట్టాలి, టేపు ఎలా నడపాలి అన్న పని.

ఈ పనిలో నాకు ఒక నియమం ఉండేది. మైకులోకి మనకు అక్కరలేని బరువైన శబ్దాలు కూడా వస్తాయి. ఎవరైనా నడిచినా, లారీ పోయినా, నేల అదురు స్టాండు గుండా పైకి ఎక్కుతుంది. దాన్ని ఆపడానికి స్టాండు కింద మడిచిన గోనెసంచి వేయాలి, యంత్రం మీదున్న లో-కట్ అనే చిన్న స్విచ్ వేయాలి. ఆ స్విచ్ బాగా కింది నాదాలను కోసేస్తుంది. ఈ రెండూ చేయకుండా రికార్డు మీట నొక్కినవారికి మార్కులు కోసేవాణ్ణి.

ఆ ఏడాది విద్యార్థుల్లో ఈశ్వరి అనే అమ్మాయి ఉండేది. వాళ్లది భోపాల్‌పట్నం వైపు ఊరు. తండ్రి లేడు. అన్న కిష్టయ్య ఇనుపరాతి గనిలో పనికి కుదిరి, తల్లినీ చెల్లెల్నీ గని కాలనీ క్వార్టర్‌కు తెచ్చుకున్నాడు. చెల్లెలి చదువు అతని పట్టుదల. ఆమె చెవి చాలా మంచిది. తంబూరా తీగ వెంట్రుకవాసి దిగినా క్లాసులో మొదట తల ఎత్తేది ఆమే. చేతిపని మాత్రం నిర్లక్ష్యం. తీగ చుట్టమంటే ముడివేసేది. "ఏంది సార్, పాట వినాల్నా, తీగెలు సుట్టాల్నా?" అని నన్నే అడిగేది.

చలికాలంలో వాళ్లకు ఒక అభ్యాసం ఇచ్చాను. తలా ఒక చోట టేపు నిండేదాకా రికార్డు చేసి, వినిపించిన ప్రతి శబ్దాన్నీ వరసగా రాసి తేవాలి. ఈశ్వరి యంత్రం తీసుకుని కాలనీకి వెళ్లింది. అక్కడినుంచి ఆమె రావలసిన రోజుకు రాలేదు. కిష్టయ్య గనిలో చనిపోయాడని కాలనీ బస్సులో వచ్చిన వాళ్లు చెప్పారు.

అతని ఉద్యోగం ఎర్రజెండా పట్టుకోవడం. కొండ మీద రాయి పేల్చే ముందు, లారీలు వచ్చే దారికి అడ్డంగా నిలబడి ఎవరినీ లోపలికి రానివ్వకూడదు. సైరన్ మోగేదాకా అతను అక్కణ్ణుంచి కదలడానికి వీల్లేదు. మోగగానే పక్కనే ఉన్న ఇనుప గూట్లోకి దూరాలి. ఆ తర్వాతే మందు పేల్చాలి. సైరన్ స్విచ్ మాత్రం కింద కాలనీలో, టైమాఫీసులో ఉండేది. పేల్చే సర్దారు కొండ మీంచి ఫోన్ చేస్తే గుమాస్తా స్విచ్ వేసేవాడు. ఒకే స్విచ్‌కు రెండు హారన్లు మోగేవి, ఒకటి కొండ మీద, ఒకటి కాలనీలో. ఆ రోజు ఎగిరివచ్చిన రాయి కిష్టయ్యకు గూటి బయట తగిలింది. సైరన్ మోగినా అతను గూట్లోకి వెళ్లలేదని, కనుక అజాగ్రత్త అతనిదేనని గనివాళ్లు కాగితం తయారుచేశారు. ఆ కాగితం నిలిస్తే ఆ ఇంటికి అతని బదులు ఉద్యోగం రాదు, క్వార్టర్ ఖాళీ చేయాలి. తప్పు చేసి చచ్చాడన్న మాట కూడా అతని పేరు మీద మిగులుతుంది.

కర్మలయ్యాక ఈశ్వరి విభాగానికి వచ్చి టేపు నా బల్ల మీద పెట్టింది. పేలుడు జరిగిన మధ్యాహ్నం ఆమె వాకిట్లో మైకు పెట్టుకుని ఉంది. నేను మామూలు పద్ధతిలోనే విన్నాను. మొదట మైకు పరీక్ష కోసం డ్యూటీకి పోబోతున్న కిష్టయ్యతో మాట్లాడించింది. "ఒకటి, రెండు, మూడు... ఏందే పంతులమ్మా, గీ మాత్రం దానికి కాలేజీకి పోవాల్నా?" అని అతను నవ్వాడు. తర్వాత టేపు ఆపి, మధ్యాహ్నం మళ్లీ మొదలుపెట్టింది. కుక్కర్ ఈల, పిల్లల అరుపులు, పక్కింటి శ్రీకాకుళం ఆవిడ గొంతు: "ఏటమ్మా, ఆ గొట్టం నా మూతికేసి తిప్పకు, మా ఆయన్ని తిట్టుకోడానికి కూడా నేకుండా పోనాది!" తర్వాత సైరన్. సైరన్ మోగుతుండగానే పేలుడు. వాటి మధ్య నాలుగు సెకన్లు ఉన్నాయి.

స్టాండు సిమెంటు నేల మీదే పెట్టిందనీ, లో-కట్ వేయలేదనీ నేల అదుర్లను బట్టి నాకు తెలిసిపోయింది. ఆ మాట అన్నాను కూడా.

"ఎయ్యకపోవుడే మంచిగైంది సార్. సైరన్ కంటె ముందల ఇంకోటున్నది. మళ్లొక్కసారి వినుండ్రి," అంది ఈశ్వరి.

హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. సైరన్‌కు నాలుగు సెకన్ల ముందు, చాలా కింద, మూసిన తలుపు వెనక ఎవరో బస్తా దించినట్టు ఒక్క దెబ్బ. శ్రవణాభ్యాసంలో నెలల తరబడి కింది నాదాలు వెతికిన చెవికి తప్ప అది అందదు.

దాని అర్థం మా మొదటి సంవత్సరం పాఠంలోనే ఉంది: శబ్దం గాలిలో కంటే రాతిలో చాలా వేగంగా పోతుంది. పేలిన చోటు ఆ వాకిలికి సుమారు మూడు కిలోమీటర్లు. గాలిలో శబ్దం అంత దూరం రావడానికి తొమ్మిది సెకన్లు పడుతుంది. రాతిలో అదురు ఒక్క సెకనులో వచ్చేస్తుంది. కాలనీ హారను ఆమె ఇంటికి దగ్గరే కాబట్టి అది మోగిన క్షణమే మైకుకు అందింది; కొండ మీది హారను మోగిందీ అదే క్షణంలో. అంటే నేల గుండా వచ్చిన ఆ దెబ్బే అసలు పేలుడు. చెవికి తెలిసిన పేలుడు గాలిలో ఆలస్యంగా వచ్చిన దాని చప్పుడు. సైరన్ ఈ రెంటి మధ్య మోగింది. కిష్టయ్యకు రాయి తగిలే వేళకు సైరన్ ఇంకా మోగనే లేదు.

ఒక్క టేపుతో మాట్లాడకూడదని అదే వాకిట్లో, అదే నేల మీద స్టాండు పెట్టి మరో రెండు రోజులు రికార్డు చేయించాను. రెండింటిలోనూ సైరన్ చాలా ముందు మోగింది, తర్వాత నేల దెబ్బ, దానికి ఎనిమిది సెకన్ల తర్వాత గాలిలో పేలుడు. నేల దెబ్బకూ పేలుడుకూ మధ్య వ్యవధి మూడు టేపుల్లోనూ ఒకటే.

విచారణ గని ఆఫీసు హాల్లో జరిగింది. విచారణాధికారి పైనుంచి వచ్చినవాడు, నెమ్మదస్తుడు. ఆయన పక్కన గని మేనేజరు కూర్చున్నాడు, కోస్తా జిల్లాల వాడు. మా యంత్రమూ, మంచి స్పీకరూ మోసుకెళ్లాం. టేపు కిష్టయ్య నవ్వుతో మొదలైంది. ఆ గొంతు ఎవరిదని అధికారి హిందీలో అడిగాడు. మీరు ఎవరి గురించి రాస్తున్నారో ఆ మనిషిదేనని ఈశ్వరి హిందీలోనే చెప్పింది.

సైరన్ వచ్చింది, పేలుడు వచ్చింది. నేల దెబ్బ ఎవరికీ వినిపించలేదు. రాయి పిండిచేసే మిల్లు హోరు ఆ హాలు గోడల్లోనే ఉంది. అది రాత్రింబవళ్లు నడిచేది, మా కోసం ఆపరు. హెడ్‌ఫోన్ ఇస్తే అధికారి కళ్లు మూసుకుని మూడుసార్లు విన్నాడు. తనకు సైరన్, పేలుడు తప్ప ఏమీ వినబడలేదన్నాడు. యంత్రం మీది సూది ఆ క్షణంలో కొద్దిగా కదలడం చూపించాను, రాతిలోనూ గాలిలోనూ శబ్దానికి పట్టే సెకన్ల లెక్క చెప్పాను.

మేనేజరు తెలుగులో అందుకున్నాడు. "మాస్టారూ, పక్కన పిల్లలు ఆడుతున్నారు కదండీ. ఎవడో దూకుంటాడు. ఈ పాప పాటలమ్మాయి, దానికి ఏవేవో వినిపిస్తాయి."

"పిల్లలు ఎప్పుడన్న గని పేలుడుకు ఎనిమిది సెకన్ల ముందలనే దుంకుతరా సార్? మూడు రోజులూ లెక్క తప్పకుంట?" అంది ఈశ్వరి.

మేనేజరు నవ్వేశాడు. "నాలుగు సెకన్లు చాలవేంటమ్మా, రెండంగల్లో గూడుంటే?"

అధికారి మిగతా రెండు టేపులు వినలేదు. ప్రమాదం జరిగిన రోజువి కావు కాబట్టి అవి తన పరిధిలోకి రావన్నాడు. చివరికి నన్ను ఒక ప్రశ్న అడిగాడు: ఈ శబ్దం మామూలు మనిషికి వినిపిస్తుందా? సాధన లేనివారికి వినిపించదని చెప్పాను. అది నిజం. ఆయన ఆ జవాబును నా మాటల్లోనే రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు.

నెల తర్వాత నిర్ణయం వచ్చింది. మృతుని సొంత చెల్లెలు దాఖలు చేసిన టేపులోనే సైరన్ పేలుడు కంటే ముందు స్పష్టంగా వినిపిస్తున్నదని, కనుక సైరన్ మోగినట్టు రుజువైందని, మృతుడు వెంటనే గూట్లోకి వెళ్లలేదని అందులో ఉంది. మరీ తక్కువ వ్యవధి ఇచ్చినందుకు సర్దారుకు మందలింపు. ఆ టేపు మేం ఇవ్వకపోయి ఉంటే గనివాళ్ల దగ్గర గుమాస్తా నోటిమాట తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఉద్యోగం రాలేదు. తల్లి భోపాల్‌పట్నం వెళ్లిపోయి కూలికి కుదిరింది.

ఎండాకాలం రాకముందే సైరన్ స్విచ్‌ను టైమాఫీసు నుంచి తీసేసి, కొండ మీద సర్దారు పక్కనే బిగించారు. ఫోను చేయడం మానేశారు. ఎందుకు మార్చారో ఏ కాగితంలోనూ రాయలేదు.

ఆ తర్వాత భౌతికశాస్త్ర విభాగంలో కాగితం మీద కలంతో గీత గీసే యంత్రం ఒకటి ఉందని తెలిసింది. మూడు టేపులనూ దాని గుండా నడిపించాం. పేలుడు గీతలు కలిసేలా ఒకదాని కింద ఒకటి పెడితే నేల దెబ్బ మూడింటిలోనూ ఒకే చోట చిన్న మిట్టలా లేచింది. సంగీతం తెలియని మా ఆఫీసు ప్యూను కూడా వేలు పెట్టి చూపించాడు. ఆ కాగితాలు జతచేసి ఈశ్వరి అర్జీ పంపింది. కేసు ముగిసిందని జవాబు వచ్చింది.

ఏడాది చివర మార్కులు వేసేటప్పుడు ఆ అభ్యాసానికి కోసిన మార్కులు తిరిగి కలుపుతానన్నాను. "వద్దు సార్. స్విచ్ ఎయ్యలే, సంచి ఎయ్యలే. తప్పు తప్పే," అంది. కోత అలాగే ఉంచాను. ఆమె డిగ్రీ పూర్తిచేసి ఒక బడిలో సంగీతం టీచరుగా చేరింది, తల్లిని దగ్గరికి తెచ్చుకుంది.

మరుసటి ఏడాది నుంచి నా పాఠంలో రెండు మార్పులు చేశాను. బయట రికార్డు చేసేటప్పుడు లో-కట్ వేయవద్దని, ఏది అక్కరలేదో తర్వాత విని నిర్ణయించాలని చెప్పేవాణ్ణి. రెండవది, చెవితో కనుక్కున్న ప్రతిదాన్నీ కాగితం మీద గీతగా కూడా గీయించి తెమ్మనేవాణ్ణి. సాధన ఉన్న చెవికి తెలిసిన సంగతిని సాధన లేని మనిషి ముందు పెట్టేటప్పుడు, అతను తానే సరిచూసుకోగలిగే రూపంలో పెట్టాలి. విచారణకు ముందే ఆ పని జరిగి ఉండాలి. కిష్టయ్య విషయంలో అది తర్వాత జరిగింది.