నల్ల చిక్కుడు గింజల కళ్లు

మా సరిహద్దు ఊరు లరేడోలో డెల్ఫినాది లాండ్రీలో ఇస్త్రీ పని. ఆవిరిలో నిలబడి కవితలు అల్లి, రొట్టె చుట్టుకొచ్చిన కాగితం మీద రాసుకుంటుంది. అందుకే ఆమె కవితలకు ఎప్పుడూ కాస్త మిరపకాయ వాసన.

తల్లుల పండగనాడు చర్చి హాల్లో ఆమె చదివిన కవిత ఏటి ఆవిడ మీద. మా పాత కథల్లో బిడ్డల్ని నీళ్లలో ముంచేసి, ఇప్పటికీ ఒడ్డున ఏడుస్తూ పిల్లల కోసం వెతుక్కునే ఆవిడే. "ఏడ్చే తల్లీ, నా పలోమా కళ్లు చూడు, నానబెట్టిన నల్ల చిక్కుడు గింజలు. చూసి వెళ్లిపో. ఇవి నావి." హాలంతా తల తిప్పి, అత్తగారు క్రెసెన్సియా ఒళ్లో ఉన్న చంటిదాన్ని చూసింది. అబ్బ, ఏం కళ్లు అనుకున్నారు అందరూ. లేచి వెళ్లి ముట్టుకున్నవాళ్లు లేరు. భోజనాల వరుస అప్పటికే కదులుతోంది మరి.

మెచ్చుకున్నవాళ్లు బిడ్డను ముట్టుకోవాలి. లేకపోతే దిష్టి. మాకిది ఉగ్గుపాలతో వచ్చిన చదువు.

తెల్లారేసరికి పలోమా ఒళ్లు కాలిపోతోంది. ఆస్పత్రిలో నర్సు మందు పోసి, "సాయంత్రానికి తగ్గకపోతే మళ్లీ తీసుకురండి" అంది. ఆ మాట డెల్ఫినా చెవికెక్కలేదు. ఏటి ఆవిడకు బిడ్డను చూపించింది తనే. పిల్లను అత్తగారికి వదిలి, చెప్పుల్లేకుండా వీధిన పడింది.

మా గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"వదినా, నా బిడ్డ కళ్లు బాగున్నాయని అనుకున్నావా?"

"అనుకోనివాళ్లెవరే?"

"అయితే చెయ్యి కడుక్కుని నడు."

మధ్యాహ్నానికి క్రెసెన్సియా గుమ్మం ముందు బారులు తీరాం, ఫాదర్ గారితో సహా. లారీలు బాగుచేసే హిలారియో గ్రీజు చేతుల్ని చొక్కాకు తుడుచుకుంటూ, "నేను పిల్లని చూడలేదు పెద్దమ్మా, భోజనాల బల్ల మీద తమాలె పొట్లాలే చూశాను" అన్నాడు.

"అయితే వెళ్లి వాటినే ముట్టుకో. అడ్డు లే" అంది క్రెసెన్సియా.

లోపల పిల్ల మూలుగుతోంది.

అందరం నుదురు ముట్టుకున్నాం. వేడి దిగలేదు. క్రెసెన్సియా కోడిగుడ్డుతో పిల్లను దిగదుడిచి, గ్లాసు నీళ్లలో కొట్టి చూసింది. సొన మీద తెరిచిన కన్నులా ఓ మచ్చ.

"ఇంకా ఒకళ్లు మిగిలారు."

"లేరు అత్తయ్యా. అందర్నీ లాక్కొచ్చాను" అంది డెల్ఫినా, గడప దాటకుండానే.

"మైకు పట్టుకుని అందరికంటే ముందు మెచ్చుకున్నదెవరే?"

డెల్ఫినా గోడకు ఆనుకుంది. "నేను తల్లిని కదా."

"కన్నతల్లి కళ్ల దిష్టే మొండిది. నిన్నటి నుంచి దీన్ని ఎత్తుకున్నావా?"

ఎత్తుకోలేదు. నిన్న హాల్లో జనం చుట్టుముట్టారు. పిల్ల నానమ్మ పక్కనే పడుకుంది. పొద్దున ఆస్పత్రిలోనూ నానమ్మ ఒళ్లే. తన చెయ్యి తగిలితే ఏమవుతుందోనని డెల్ఫినాకు భయం.

గడప దాటి లోపలికొచ్చి, అరచేతిని పిల్ల కళ్ల మీద ఆనించింది. పలోమా అమ్మ వేలు పట్టుకుని వదల్లేదు. పొద్దువాలేసరికి ఒళ్లంతా చెమట పట్టి వేడి దిగింది. మందు పనిచేసిందని తర్వాత నర్సు అంది. క్రెసెన్సియా ముందు ఆ మాట అనే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

ఇప్పుడు డెల్ఫినా పిల్లను చంకనేసుకునే కవిత చదువుతుంది. కాగితం సగం పిల్ల నోట్లోనే ఉంటుంది. ఏటి ఆవిడ మాట వచ్చే చోట మాత్రం ఆ కళ్ల మీద చెయ్యి అడ్డం పెడుతుంది.