త్రాడు మీదినుండి కాలు తీయుము

మధ్యాహ్నం ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడల్లా మా ఇంటి కిటికీలు గలగలమంటాయి. అదేం కొత్త కాదు, గోదావరిఖని పిల్లలు ఆ చప్పుడుకు నిద్ర కూడా లేవరు. మొన్న మాత్రం సజ్జ మీదినుంచి ఒక కిరీటం దొర్లి, నేను అన్నం తింటున్న కంచం పక్కనే పడింది. చూసేవాళ్లుంటే కడుపు పట్టుకొని నవ్వేవాళ్లు. నా భార్య పోయినప్పటినుంచి ఈ ఇంట్లో పడేది నేనే, నవ్వేది నేనే. సైకిల్ మడ్‌గార్డు కత్తిరించి, బంగారు కాగితం అంటించి చేసిన కిరీటం అది. కాగితం ఊడిపోయి మడ్‌గార్డు మళ్లీ మడ్‌గార్డయి కూర్చుంది.

ఒకప్పటి మా నాటకాల జట్టులో వేషగాళ్లందరూ మా బజారులో కొట్లున్నవాళ్లే. రాజు మా టైలర్ బావ. వరుసకు బావే గానీ, సొంత బావకన్నా ఎక్కువ వేళాకోళం ఆడేవాడు. రాణి సైకిల్ మెకానిక్ భాయ్. మీసం తియ్యమంటే ససేమిరా అన్నాడు కాబట్టి మా రాణిగారు నాటకమంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకొనే ఉండేది. మంత్రి క్షౌరం చేసే కాక. రాజుకు హితబోధ చేస్తూ చేస్తూ, అలవాటుకొద్దీ రాజు గడ్డం పట్టి తల ఇటు వంచి అటు వంచి చూసేవాడు. నేను గని మీద టోపీ లైట్లిచ్చే ల్యాంపు రూములో పనిచేసేవాణ్ని. కాబట్టి ఒక టోపీ లైటు సంపాదించగల ఘనుణ్నని చెప్పి, తెర వెనక నిలబడి మాటలు అందించే పని నాకిచ్చారు. నెత్తి మీదే ఉన్న కిరీటం పోయిందని రాజ్యమంతా వెతికించే మతిమరుపు రాజు కథ మాది. రాజు వేషానికి బావను మించినవాడు లేడు, ఎందుకంటే అతనికి ఒక్క ముక్కా గుర్తుండేది కాదు.

ఆ లోటును బావ తనదైన పద్ధతిలో పూడ్చుకున్నాడు. నా నోటినుంచి ఏది వినబడితే దాన్ని రాజుగారి భాషలోకి మార్చి గొంతెత్తి చదివేయడమే. గని కార్మికుల క్లబ్బులో ఆడిన రోజు ఆఖరి రంగంలో భాయ్ తెర లాగే తాడును తొక్కి నిలబడ్డాడు. నేను తాడు లాగితే కదలదు. మెల్లగా అన్నాను.

"భాయ్, తాడు మీదికెళ్లి కాలు తియ్యి. తెర పడాలె."

భాయ్‌కి వినబడలేదు. బావకు వినబడింది. ఛాతీ విరుచుకొని, చెయ్యి చాచి గర్జించాడు.

"రాణీ, త్రాడు మీదినుండి కాలు తీయుము. తెర పడవలెను."

కొంగు చాటునుంచి రాణిగారు, "జీ హుజూర్" అన్నారు. సెకండ్ షిఫ్టు నుంచి మసి మొహాలతో నేరుగా వచ్చి కూర్చున్న మనుషులు కుర్చీల మీదినుంచి జారిపోయారు. ఆ తర్వాత మా బజారులో ఎవరైనా దారికడ్డం నిలబడితే "కాలు తీయుము" అనడం మామూలైపోయింది.

ఇప్పుడు ఆ మాట అన్నా నవ్వేవాళ్లు లేరు. భాయ్ పోయాడు, కాక పోయాడు. బావ పక్షవాతంతో మంచం పట్టాడు, మనుషుల్ని గుర్తుపట్టడం లేదని విన్నాను. మాట అందించే అలవాటు మాత్రం నన్ను వదల్లేదు. ఖాళీ ఇంట్లో ఏదో ఒకటి అంటాను, కాసేపు ఆగుతాను. అందుకునే మనిషి ఉండడు. చాలా ఒంటరిగా ఉంది, దాచడమెందుకు. బావ కూడా నన్ను గుర్తుపట్టకపోతే ఈ ఊళ్లో నా గొంతు ఎరిగిన మనిషి లేనట్టే. ఆ భయంతోనే కిరీటం సంచిలో వేసుకొని బావ ఇంటికి షేర్ ఆటో ఎక్కాను.

బావ కోడలు కుర్చీ వేసింది. "మామకు ఎవ్వలు యాదికి లేరు. మనం ఏదంటే మల్ల గదే అంటడు, గంతే" అని చెప్పి చాయ్ పెట్టడానికి పోయింది.

కిరీటం చూపించాను. బావ దాన్ని చూశాడు, గోడను చూశాడు, రెంటినీ ఒకే తీరుగా చూశాడు. "మా కిరీటమేది మంత్రీ" అని అందించాను. పెదవి కదల్లేదు. కిరీటం ఒళ్లో పెట్టుకొని, తెర వెనకనుంచి మాట్లాడే ఆ పాత గొంతుతోనే, ఎవరికోసమూ కాకుండా పైకే అన్నాను.

"ఒక్కన్నే ఉంటున్న బావా. పొద్దు పోతలేదు."

బావ గడ్డం కొంచెం పైకి లేచింది. బాగున్న చెయ్యి దుప్పటి మీద చాచాడు. మాట ముద్దగా వచ్చింది గానీ ప్రతి అక్షరం నాకు తెలిసింది.

"ఒక్కడనే... యున్నాను. ప్రొద్దు... పోవుట లేదు."

చాయ్ పట్టుకొచ్చిన కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇదేంది, రోజూ మేమెట్లంటే అట్లనే అంటడు. ఇయ్యాల గిట్ల మాట్లాడుతుండేంది?"

బావ చెయ్యి పట్టుకొని చాయ్ చల్లారేదాకా కూర్చున్నాను.

వీలున్నప్పుడల్లా వెళ్తున్నాను. నోటికొచ్చిందల్లా అందిస్తాను, 'తెర పడాలె' అన్న మాట తప్ప. ఆ రోజు తాడు తొక్కినందుకు భాయ్‌ను తిట్టుకున్నాను గానీ, తాడు మీద కాలున్నంతసేపు తెర పడదు. కాలం అవతలినుంచి లాగుతూనే ఉంది. మేమిద్దరం ఇంకా కాలు తీయలేదు.