దీనమ్మ పలకల పీట

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు ఎండాకాలంలో, మార్కాపురం తాలూకాలోని ఒక చిన్న ఆసుపత్రిలో నన్ను ఆడవాళ్ల వార్డుకు ఆయాగా వేశారు. పైన సబ్ అసిస్టెంట్ సర్జన్ హోదాలో డాక్టరు గారు, ఆయన కింద కాంపౌండరు, ఒక నర్సమ్మ, అందరి కిందా నేను. నాకు అక్షరాలు వచ్చింది చాలా ఏళ్ల తర్వాత. అప్పట్లో మంచానికి వేలాడే చీటీని నర్సమ్మ చదివి చెబితే అదే నాకు ఉత్తరువు.

దీనమ్మ చీటీలో ఉన్న ఉత్తరువు ఒకటే: మంచం దిగరాదు. ఆమె బడిపిల్లల రాతి పలకలు సానబట్టే మనిషి. ఏళ్ల తరబడి రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. అది నయమయ్యే జబ్బు కాదు. అదుపులో పెట్టుకుని బతకాలి. తినిపించడం, ఒళ్లు తుడవడం, బేసిన్ పెట్టడం నా పని. కొన్ని వారాల్లో దగ్గూ ఆయాసమూ తగ్గాయి గానీ దీనమ్మ కుదురుగా పడుకునేది కాదు. ఎంతసేపూ వాకిలి వైపే చూపు. పున్నమి లోపల పనిలోకి రాకపోతే ఆమె చోటు ఇంకొకరికి ఇస్తానని మేస్త్రి కబురు పెట్టాడు. భర్త యేసోబుకు పొలం లేదు, కూలి దొరికిన రోజే తిండి.

ఒక ఉదయం మేస్త్రే వచ్చి వరండాలో నిలబడ్డాడు. మేము వద్దనేలోపే దీనమ్మ మంచం దిగింది.

"చూడు మామా, ఎట్ల ఉండానో" అంటూ, పనిలో కూర్చున్నట్టే మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చుంది.

"బాగనే ఉండావే. ఇంక లెయ్, పోదాం" అన్నాడు మేస్త్రి.

ఆమె లేవలేకపోయింది. చెయ్యి ఆనించి మళ్లీ లేవబోయింది. తొడలు వణికాయి. ఆయాసం ఎక్కువైందనుకుని నర్సమ్మ డాక్టరు గారిని పిలిచింది. ఆయన గొట్టం పెట్టి విన్నారు. ఊపిరి నిదానంగానే ఉంది.

"ఊపిరి ఆడతానే ఉంది దొరా. కాళ్లే ఎవరో ఎత్తుకపోయినట్టుండాయి" అంది దీనమ్మ.

"కూచున్న మనిషిని లేపేదానికి ఇంకో మనిషిని పెట్టాల్నా నేను?" అంటూ మేస్త్రి వెళ్లిపోయాడు.

డాక్టరు గారు ఆమె తొడ పట్టి చూశారు. కండ కరిగి తోలు వేలాడుతోంది. ఆయాసానికి భయపడి కదలకపోతే కండ కరుగుతుందనీ, కండ కరిగితే చిన్న పనికే ఆయాసం వస్తుందనీ, ఈమెకు పడక ఎక్కువైందనీ మాకు చెప్పారు. పడుకోమన్న ఉత్తరువును ఆయనే కొట్టేశారు. ఉదయం, సాయంత్రం కూర్చుని లేవడం అలవాటు చేయాలి. రొప్పు రావచ్చు గానీ మాట ఆగిపోకూడదు.

మంచం మరీ ఎత్తు, నేల మరీ పల్లం. మర్నాడు యేసోబు, పలకల పనిలో పగిలి పారేసిన రాతి బిళ్లలను మూటగట్టి నెత్తిన పెట్టుకొచ్చాడు. గోడవారగా మోకాలెత్తున పేర్చాం. దానిమీద కూర్చోవడం, లేవడం. అది తేలికైతే పైనుంచి ఒక బిళ్ల తీసేయడం. పక్క మంచాల వాళ్లకు ఇది క్రూరంగా కనిపించింది.

"ఏంది ఆయమ్మా, ఆయాసం మనిషితో గుంజీలు తీపిస్తావా?" అని తిట్టారు. రొప్పుతూ దీనమ్మ కూడా, "నువ్వు మా అత్త కడుపున పుట్టాల్సిందానివి" అనేది. ఎక్కడ పడిపోతుందోనని నేను రెండు చేతులూ చాచి ఆమె చుట్టూ తిరిగేదాన్ని. మధ్యలో జ్వరం తగిలి, తీసిన బిళ్లలు మళ్లీ పేర్చాల్సి వచ్చింది. కోలుకోగానే ఆమె తొందరపడి ఒకేసారి రెండు తీసేసి, లేవలేక ఇరుక్కుపోయింది.

"మేస్త్రి కంటే నీకే ఎక్కువ తొందర గదే" అని యేసోబు నవ్వుతూ లేపాడు.

పున్నమి ముందురోజు ఆమె నేలమీద నుంచి తనంతట తాను లేచింది. డాక్టరు గారు మేస్త్రిని పిలిపించి, దుమ్ములో కూర్చోబెట్టవద్దని చెప్పారు. పలకలకు చెక్క చట్రాలు బిగించే కొట్టంలో చోటుంది గానీ, అక్కడ కట్టలు ఎత్తాలన్నాడు మేస్త్రి. వెంట తెచ్చిన పలకల కట్ట ఒకటి వరండాలో పెట్టించాడు. దీనమ్మ గొంతుక్కూర్చుని, కట్ట పట్టుకుని లేచింది. గోడకు ఆనుకుని కాసేపు రొప్పింది. తర్వాత మేస్త్రి వైపు చూసి, "యాడ పెట్టల్ల?" అంది.

చోటు దక్కింది. ఊపిరితిత్తులు మాత్రం బాగుపడలేదు. ప్రతి చలికాలం దగ్గుతో ఆసుపత్రికి వచ్చేది. అప్పటి నుంచి పదవి విరమించే దాకా, ఆయాసంతో ఎవరు చేరినా, కొంచెం తెరిపిన పడగానే నేలమీద నుంచి చేతులు ఆనించకుండా లేవగలరా అని చూసి నర్సమ్మకు చెప్పేదాన్ని. పడక కూడా మందే. దాన్నీ మోతాదు చూసే ఇవ్వాలి.