ఈరక్క రికార్డు కడిగిన వాన

ఆలూరులో మేము అద్దెకుండే ఇల్లు మహానంది తాతది. ఒకప్పుడు ఆయన మైకు సెట్టు నడిపేవాడు. పెళ్ళిళ్ళకు, జాతరలకు, పీర్ల పండుగకు స్పీకర్లు కట్టి, గ్రామఫోను రికార్డులు వేస్తూ ఊరూరూ తిరిగేవాడు. ఇప్పుడు మిగిలింది వరండాలో ఒక ప్లేయరు, రెండు పెట్టెల రికార్డులు. వాటిలో ఒక్కదానికి మాత్రం గుడ్డ సంచి కుట్టించి ఉంచాడు.

దానిలో ఆయన భార్య ఈరక్క గొంతు ఉంది. వాళ్ళ పెళ్ళయిన కొత్తలో బళ్ళారి నుంచి ఎవరో వచ్చి, చేలో కలుపు తీస్తూ పాడే పాటలను రికార్డు చేశారట. వాళ్ళతో కలుపు తీసే హులిగెమ్మ అనే ఆమె పాట ఎత్తుకుంటే ముగ్గురు ఆడవాళ్ళు వంత పాడారు. ఆ ముగ్గురిలో ఈరక్క ఒకతె. ఆమె పోయాక ఇంట్లో ఫొటో మిగిలింది గాని, గొంతు ఇంకెక్కడా లేదు. రికార్డు మీద ఏళ్ళ దుమ్ము. ప్లేయరు ముల్లు పెడితే పేలాలు వేగినట్టు చిటపటలు, వాటి కింద ఎక్కడో పాట.

కడగడానికి తాత తానే ఒక సాధనం చేసుకున్నాడు. ముక్కాలి పీట మీద సైకిలు చక్రం హబ్బును నిలబెట్టాడు. దాని మీద రికార్డు ఉంచి, నడిమి కాగితం తడవకుండా పైనా కిందా ట్యూబు రబ్బరు బిళ్ళలు పెట్టి నట్టు బిగిస్తాడు. ఎడమ చేత్తో తిప్పుతూ, కుంకుడు రసంలో ముంచిన మెత్తటి బ్రష్షును గీతల వెంట నడిపిస్తాడు. తర్వాత నీళ్ళు పోసి, సైకిలు పంపుతో గాలి కొట్టి ఆరబెడతాడు.

ముందు వేరే రికార్డును బోరు నీళ్ళతో కడిగి చూశాడు. ఆరేసరికి దాని నిండా తెల్లటి పొర. చిటపట పోయి బుసబుస వచ్చింది. ఆ నీళ్ళతో మా పాపకు స్నానం చేయించడానికే భయపడే నాకు కారణం వెంటనే తెలిసింది. నీళ్ళలో ఉప్పులు ఎక్కువ. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ తెస్తానన్నాను.

తాత తన పంచె అంచు చూపించాడు. మైకు బ్యాటరీల యాసిడ్ తిన్న చిల్లులు.

"ఆ షాపు నీళ్ళు ఈరక్క మింద పోయమంటావామ్మా?"

అది యాసిడ్ కాదని, ఉత్త నీళ్ళేనని ఎంత చెప్పినా తల ఊపాడే గాని ఒప్పుకోలేదు. వాన నీళ్ళతోనే కడుగుతానన్నాడు.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. రోజూ మబ్బు పట్టేది, గాలికి చెదిరిపోయేది. ఆయన సంచి విప్పి రికార్డు చూసుకుని మళ్ళీ కట్టేసేవాడు. చివరికి ఒక మధ్యాహ్నం ఉరుములతో వచ్చింది. పిడుగుల భయంతో పాపను లోపల పడుకోబెట్టి, దాని స్నానం తొట్టిని వాకిట్లో పెట్టాను.

మర్నాడు ఆ నీళ్ళతో తాత రికార్డు కడిగాడు. ఆరాక ముల్లు పెట్టాడు. ముందు హులిగెమ్మ గొంతు, ఆ తర్వాత వంత. చిటపట లేదు. మూడు గొంతులూ దేనికది విడివిడిగా వినిపించాయి. తాత మొహం వాడిపోయింది.

"ముందు అంతా కలిసిపోయి, అంతా ఆమె మాదిరే ఉంటుండె. ఇప్పుడు యాది ఆమెదో తెలీలేదమ్మా."

లావు గొంతేమో అన్నాడు, ఇంట్లో అంత గట్టిగా పిలిచేది కాబట్టి. మళ్ళీ కాదేమో అన్నాడు. పత్తికొండలో కూతురింట్లో ఉన్న హులిగెమ్మకు నా ఫోను నుంచే చేసి, స్పీకరు దగ్గర పెట్టాం. ఆమె పాటంతా విని నవ్వింది.

"ఏమప్పా మహానందీ, పెండ్లాం గొంతు నన్నడుగుతాండావా? ఆ సన్న గొంతు, అందరికంటే పైకి పోతాంది సూడు, అదే. ఆమె పాడేటప్పుడు నువ్వు యాడ ఉంటివి? మైకు మోసుకోని ఊర్లు తిరుగుతాంటివి కదా."

తాత ఫోను నాకిచ్చి, ముల్లును మళ్ళీ మొదట్లో పెట్టి, పీట దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. వంత రాగానే ఆ సన్న గొంతు వెంట పెదాలు కదిపాడు. పాట ఆయనకు రాదు. ప్రతి మాటా ఆమె అన్న తర్వాతే అంటున్నాడు.