బాబాయి కొట్టుకు నల్లులు పట్టించాను

ఒక్క నల్లి కూడా లేని కొట్టులోంచి జనాన్ని నల్లుల భయంతో పరుగెత్తించిన ఘనత ఈ భూమ్మీద నాకొక్కదానికే దక్కింది. నవ్వండి, పరవాలేదు. మా బాబాయి తప్ప అందరూ నవ్వారు.

అప్పుడు విజయవాడలో డిగ్రీ చదువుతున్నాను. ఇంగ్లీషు నుడికారాల్లో చాలావాటిని ఫ్రెంచి నుంచి మాటకు మాట దించుకున్నారని మా మేడం చెప్పింది. ఫ్రెంచివాళ్ళు పాత సామాన్ల బజారుకు ఏదో పురుగు పేరు పెడితే, ఇంగ్లీషువాళ్ళు సిగ్గుపడకుండా ఫ్లీ మార్కెట్ అనేశారట. వాళ్ళకు చెల్లింది మనకెందుకు చెల్లదు? నిజానికి ఫ్లీ అంటే కుక్కల ఒంటిమీద గెంతే పురుగు. దానికి తెలుగుమాట తోచక నల్లితో సరిపెట్టాను.

ఉయ్యూరులో మా బాబాయిది చేనేత చీరల కొట్టు. పెళ్ళిళ్ళకు కొత్త సరుకు వచ్చేలోపు పాత చీరలు కదలకపోతే కొట్టులో చోటే లేదు.

"డిస్కౌంట్ సేల్ అని రాయించవే," అన్నాడు.

"అందరూ అదే రాస్తారు బాబాయ్. నాకొదిలెయ్."

పాపం, వదిలేశాడు. తెల్లారేసరికి కొట్టు ముందు ఫ్లెక్సీ వెలిసింది: 'నల్లుల సంత! రండి, ఇంటిల్లిపాదికీ తీసుకెళ్ళండి!'

కంకిపాడు నుంచి వచ్చిన ఒకావిడ మెట్టు మీదే ఆగిపోయింది.

"ఏవమ్మా, చీరల్లో నల్లులున్నాయా?"

"అబ్బే, లేవండీ! అది ఫ్రెంచివాళ్ళ మాటండీ."

"ఫ్రాన్సు నల్లులా?"

"కాదండీ, ఇంగ్లీషువాళ్ళు కూడా..."

"అయితే అక్కడా పట్టాయన్నమాట!" అంటూ కుచ్చిళ్ళెత్తి పట్టుకుని వెళ్ళిపోయింది.

"తీసెయ్యవే తల్లీ," అన్నాడు బాబాయి.

"చచ్చినా తియ్యను. ఇంగ్లీషువాళ్ళకి మాత్రం ఒక్కరోజులో అలవాటైందా?"

గుమ్మంలో స్టూలేసుకుని, వచ్చినవాళ్ళందరికీ ఫ్రెంచి సంగతి చెప్పడం మొదలుపెట్టాను. నేను వివరించేకొద్దీ వాళ్ళు గోక్కున్నారు. మధ్యాహ్నానికి నాకూ దురద మొదలైంది.

సాయంత్రం ఒకాయన ధైర్యంగా లోపలికొచ్చాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"రండి సార్! ఏం చూపించమంటారు?"

"ఓ మందు సీసా ఇవ్వమ్మా. మంచానికి కొట్టాలి."

బాబాయి నా స్టూలు లాక్కుని, ఎక్కి, ఫ్లెక్సీ పీకేశాడు. మర్నాడు అట్టముక్క మీద 'తగ్గింపు ధరలు' అని ఆయనే రాసి పెడితే పాత చీరలన్నీ అమ్ముడుపోయాయి. పేరు మాత్రం పోలేదు. మొన్న ఉయ్యూరు బస్టాండులో ఆటో ఎక్కి కొట్టు గుర్తులు చెబుతుంటే డ్రైవరు విసుక్కున్నాడు: "నల్లుల కొట్టు అనండి మేడం, చిన్నపిల్లాడైనా దింపుతాడు."

అందుకే ఆ ఆటోలోనే, కుడిచెయ్యి ముందుకు చాచి ప్రమాణం చేశాను. ఫ్రెంచివాళ్ళ మాట ఎంత ముద్దొచ్చినా ఇక తెలుగులోకి దించను. ఒకవేళ దించినా, బాబాయి కొట్టుకు కట్టను.