జపాన్‌లో మన అమ్మాయిలు

కడపలో ఒక పత్రికలో ఉద్యోగానికి చేరిన ఆ రోజుల్లో నా బతుకు రెండు ముక్కలుగా నడిచేది. ఒక ముక్కలో శ్రీశైలం నీటిమట్టం, మైదుకూరులో పసుపు ధర, నాయకుల పర్యటనలు. రెండో ముక్కలో ఇయర్‌ఫోన్లు, వాటిలో ఏడుగురు కొరియా అమ్మాయిలు పాడే పాటలు. వాళ్ల భాష ఒక్క ముక్క రాదు. అయినా ఏడుగురి పుట్టినరోజులూ నోటికి వచ్చు (మా సొంత అక్క పుట్టినరోజు ఏటా మరిచిపోయేదాన్ని).

మా డెస్కు ఇన్‌చార్జిని చాటుగా అందరూ కత్తెర సార్ అనేవాళ్లు. పేజీడు వార్త ఇస్తే నాలుగు వాక్యాలు మిగిల్చేవారు. నా ఉద్యోగం ఖాయం కావడానికి ఆయన సంతకం కావాలి, దానికింకా నెల గడువుంది. సరిగ్గా అప్పుడే ఒక మధ్యాహ్నం, మా ఏడుగురి జపనీస్ ఆల్బమ్ జపాన్‌లో అమ్మకాల్లో మొదటి స్థానానికి చేరిందని తెలిసింది. ఇక నాకు ఒళ్లు తెలియలేదు. "మన అమ్మాయిలు జపాన్‌ను గెలిచారు! ఏడుగురి ఈ జట్టు గట్టి పోటీని దాటి మొదటి స్థానంలో నిలిచింది" అని మొదలుపెట్టి రెండు పేజీలు రాశాను. కొరియా, పాట, ఆల్బమ్ అనే మాటలన్నీ రెండో పేరాలో ఉన్నాయి. ఏ పేజీకో పైన రాయడం మరిచి సార్‌కు పంపేశాను.

మర్నాడు అది ఆటల పేజీలో వచ్చింది. మొదటి పేరా మాత్రమే.

నేను ఆఫీసులో అడుగుపెట్టేసరికి ఫోన్ మోగుతోంది. వేంపల్లె దగ్గర ఒక బడిలో డ్రిల్లు మాస్టారట.

"ఏమ్మా, జపాన్‌లో గెలిచిన పిల్లోళ్లు యా ఊరోళ్లు? ఏడు మంది అంటే కబడ్డీయే గదా. పొద్దున ప్రార్థనలో చదివి వినిపిస్తి. మా కబడ్డీ పిల్లోళ్లు ఎగిరి గంతేసినారు."

"సార్, అది ఆట కాదు. పాట. వాళ్లు కొరియా అమ్మాయిలు."

"అంటే కొరియా పిల్లోళ్లు జపాన్ పోయి కొరియా పాట పాడి గెలిచినారా?"

"లేదు సార్, జపాన్ భాష నేర్చుకుని పాడినారు."

"పరాయి భాష నేర్చుకొని, వాళ్ల దేశంలోనే మొదటికొచ్చినారా? శానా కష్టపడినట్టుండారే! సరేలేమ్మా, ఈ మాటే చెప్తా మా పిల్లోళ్లకు."

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే కత్తెర సార్ నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"మన అమ్మాయిలు అని రాసినావు గదమ్మా. మనోళ్లే అనుకుంటి."

"అభిమానం కొద్దీ రాశాను సార్."

ఆయన హెడ్డాఫీసుకు ఫోన్ చేసి, "తప్పు నాదే, పూర్తిగా సదవకుండా కోసినా" అని చెప్పారు. నాతో సవరణ రాయించి, ఆశ్చర్యంగా ఒక్క అక్షరం కూడా తీసేయలేదు. నెల తరవాత సంతకమూ పెట్టారు.

కొన్నేళ్లకు ఆ ఏడుగురూ విడిపోయారు. ఆ రోజు జ్వరమని సెలవు పెట్టి ముసుగుతన్ని పడుకున్నాను. సాయంత్రం సార్ ఫోన్ చేశారు. "ఏమ్మా, నిజంగా జ్వరమేనా? ఆ పిల్లోళ్లు విడిపోయినారంట గదా, ఇప్పుడే సదివినా" అన్నారు. ఏడుస్తూనే నవ్వేశాను.

ఇప్పుడు వాళ్ల పాట ఎక్కడైనా వినిపిస్తే ఏ ముక్క ఎవరు పాడారో చెప్పబోయి పేర్లు తడబడుతున్నాను. ఎన్నడూ చూడని ఏడుగురి కోసం మంచమెక్కిన ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. దేనికైనా అంతగా ఏడవగలిగినందుకు ఆమె మీద కాస్త అసూయ కూడా.